యస్ అన్న పాపానికి

విమలకుమారికి డేకేర్‌లో అన్నీ నచ్చాయి, ఒక్క డైరెక్టర్ పేరు తప్ప. ఆవిడ పేరు టామీ. తెనాలిలో విమలకుమారి పుట్టింటి వీధిలో సగం కుక్కలకు అదే పేరు. కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చుకుని, పరాయి పిల్లల్ని ప్రాణంగా చూసుకునే పెద్దమనిషిని పట్టుకుని ఆ పేరెట్టి ఎలా పిలుస్తాం? టెక్సాస్ మర్యాద ప్రకారం అందరూ 'మిస్ టామీ' అంటారు. మిస్ తగిలించినంత మాత్రాన నోటికి అలవాటు పోతుందా? అందుకని చేరిన రోజు నుంచీ 'మేడమ్' అంటూ నెట్టుకొస్తోంది.

ఆ మంగళవారం మధ్యాహ్నం, పిల్లలంతా నిద్రపోయాక, ఆ మేడమే ఆమెను తన గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది.

ఎందుకు పిలిచిందో విమలకుమారికి తెలుసు. పొద్దున పిల్లలు బయట ఆడుకుంటున్నప్పుడు హార్పర్ అనే మూడేళ్ల పిల్ల పక్క గేటులోంచి పార్కింగ్ లాట్‌లోకి నడిచి వెళ్లిపోయింది. ఉత్తరాలు తెచ్చే పోస్టల్ ఆవిడ రెండు కార్ల మధ్య ఆ పిల్లను చూసి, చంకనెత్తుకుని లోపలికి తెచ్చింది. పిల్లకు గోరంత దెబ్బ కూడా తగల్లేదు. పైగా కారు అద్దంలో తన మొహం చూసుకుని నవ్వుతోందట. కానీ ఆ మాట విన్నప్పటి నుంచీ విమలకుమారికి పిల్లల దుప్పట్లు పరుస్తున్నా, చేతులు తుడుస్తున్నా, బిస్కెట్లు పంచుతున్నా ఆ రెండు కార్లే కళ్ల ముందు కదులుతున్నాయి.

పైగా ఆ గేటు దగ్గర అందరికీ ఆఖరున కనబడింది తనే. బంతి అవతల పడితే వెళ్లి తెచ్చింది. ఆ గేటు సంగతి పనిచేసేవాళ్లందరికీ తెలుసు, కాస్త పైకెత్తి నెడితే గానీ గడియ పడదు. విమలకుమారి పైకెత్తింది, నెట్టింది, టక్కుమన్న చప్పుడు వింది. అప్పటికీ మనసాగక ఒకసారి లాగి చూసింది. రాత్రి పడుకునే ముందు గ్యాస్ కట్టేశానో లేదో అని రెండుసార్లు లేచి చూసుకునే మనిషి ఆమె.

డైరెక్టర్ ఎదురుగా కూర్చుని మెల్లగా అడిగింది. "వీమ్లా, యూ డిడ్‌న్ట్ లీవ్ ద గేట్ ఓపెన్?"

నువ్వు గేటు తీసి వదిలెయ్యలేదు కదా అంటోంది. ఎంత మంచిదమ్మా ఈవిడ, అనుకుంది విమలకుమారి. తీసి వదిలేశావా అని నిలదీయలేదు. వదిలెయ్యలేదు కదా అని, మనిషి మీద నమ్మకం పెట్టుకుని అడిగింది.

"యస్," అంది.

డైరెక్టర్ కళ్లద్దాలు సర్దుకుంది. "యస్?"

"యస్, మేడమ్. యస్, యస్." నమ్మకం కలగడానికి తల కూడా గట్టిగా ఊపింది.

డైరెక్టర్ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. తర్వాత విమలకుమారి చేతి మీద చెయ్యి వేసి, నిజాయితీగా చెప్పినందుకు థాంక్స్ అంది. ఆ చెయ్యి పడగానే పొద్దున్నుంచీ బిగబట్టుకున్నదంతా కరిగి విమలకుమారికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. డైరెక్టర్ ఆ నీళ్లు చూసి టిష్యూ అందించింది.

ఇంటికొచ్చి చారు పోపు పెడుతూ భర్తకు అదంతా పూసగుచ్చినట్టు చెప్పింది. దైవాశీర్వాదం వాళ్లుండే ఇర్వింగ్‌లోనే ఇండియన్ గ్రోసరీ స్టోర్‌లో కౌంటర్ మీద పనిచేస్తాడు. రోజంతా నిలబడి వాచిన పాదాలను గోరువెచ్చటి నీళ్లలో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"నిన్నేమీ అన్లేదా?"

"అనడం ఏంటండీ? చెయ్యి పట్టుకుని థాంక్స్ చెప్పింది."

"దేవుడి దయ," అన్నాడు దైవాశీర్వాదం. "వీళ్లల్లో కూడా మంచీచెడ్డా తెలిసినవాళ్లు ఉంటారు విమలా."

ఆ రాత్రి విమలకుమారి గ్యాస్ చూడ్డానికి ఒక్కసారే లేచింది.

*

మర్నాడు పొద్దున్నే ఫోన్ వచ్చింది. ఫోనులో ఇంగ్లీషంటే విమలకుమారికి గుండె దడ. ఎదురుగా మనిషి ఉంటే మొహం చూసి సగం అర్థం చేసుకుంటుంది, ఫోనులో మొహం ఉండదు కదా. అందుకని కాలేజీకి బయల్దేరుతున్న కూతురు ఫెబీ చేతిలో పెట్టింది.

ఫెబీ వింటూ 'ఓకే, ఓకే' అంటోంది. మూడో ఓకేకి గొంతు మారింది. ఫోను పెట్టేసి తల్లి వైపు కొత్తమనిషిని చూసినట్టు చూసింది.

"మమ్మీ, ఈ వారం నిన్ను రావద్దన్నారు. ఫ్రైడే మీటింగ్ అంట. స్టేట్ గవర్నమెంట్‌కి రిపోర్ట్ చెయ్యాలంట."

"దేనికీ?"

"గేట్ నువ్వే ఓపెన్‌గా వదిలేశావని ఒప్పుకున్నావంట కదా."

విమలకుమారి చేతిలో అట్లకాడ అలాగే ఉండిపోయింది. పెనం మీద దోసె మాడింది.

"నేనెక్కడ ఒప్పుకున్నానే? వదల్లేదనే చెప్పాను."

"ఆమె మాట క్లియర్‌గా ఉంది మమ్మీ. రెండుసార్లు అడిగితే రెండుసార్లూ యస్ అందీ, ఏడ్చింది కూడా, అని చెప్పింది."

"ఏడ్చింది నిజమే. యస్ అన్నదీ నిజమే. గేటు వెయ్యలేదని ఎప్పుడన్నాను?"

ఇక ఆ ఇంట్లో మొదలైంది గోల. ఆమె యస్ అన్నానంటుంది, ఒప్పుకోలేదంటుంది. ఫెబీకి పిచ్చెక్కిపోయింది. దైవాశీర్వాదం స్నానం చేసి తల తుడుచుకుంటూ వచ్చి, ఇద్దరి మాటా విని, పెళ్లాం వైపు జాలిగా చూశాడు.

"భయంలో నోరు జారి ఉంటావు. పోలీసు ముందు నించుంటే చెయ్యని నేరం కూడా చేశామనిపిస్తుంది."

"నేను నోరు జారలేదండీ."

"సరే, జారలేదు. మరి ఆవిడకి అబద్ధం ఆడాల్సిన ఖర్మ ఏం పట్టింది?"

అదే ఆమెకూ అర్థం కాలేదు. నిన్న చెయ్యి పట్టుకున్న మనిషి, కన్నీళ్లు చూసి టిష్యూ ఇచ్చిన మనిషి, ఒక్క రాత్రిలో ఇంత కల్పన చేస్తుందా? మనుషుల మీద నమ్మకం పోవడం ఉద్యోగం పోవడం కంటే కష్టంగా ఉంది. పోనీ ఉద్యోగం చిన్నదా అంటే అదీ కాదు. ఈ దేశం వచ్చాక తనంతట తాను వెతుక్కుని సంపాదించుకున్న పని అదొక్కటే. ఇలాంటిది రికార్డులో ఎక్కితే ఇంకే డేకేర్‌లోనూ పిల్లల దగ్గరికి రానివ్వరని ఫెబీ చెప్పింది. పద్దెనిమిదేళ్లు తెనాలిలో అంగన్‌వాడీ నడిపిన చేతులివి. ఇకమీదట పిల్లల్ని ముట్టుకోవద్దంటే ఈ చేతుల్ని ఏం చేసుకోవాలి?

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన దైవాశీర్వాదం ఒక దారి చూపించాడు. "ఇక్కడ సారీ అనే మాటకి చాలా విలువ. తప్పయిపోయింది, ఇంకెప్పుడూ జరగదు అని చెప్పెయ్. క్షమిస్తారు. నేను తప్పు చెయ్యలేదు అని మొండికేస్తే, ఒకసారి ఒప్పుకుని మళ్లీ మాట మారుస్తోందంటారు. అది ఇంకా చెడ్డ."

ఫెబీకీ అదే మంచిదనిపించింది. సాయంత్రం తల్లి పక్కన కూర్చుని బట్టీ పట్టించింది. ఐ యామ్ వెరీ సారీ అబౌట్ ద గేట్. ఇట్ విల్ నెవర్ హాపెన్ ఎగైన్.

"'వెరీ' అనేటప్పుడు పెదవులు రౌండ్‌గా పెట్టకు మమ్మీ. పళ్లు పెదవికి తగలాలి."

విమలకుమారి పళ్లు పెదవికి తగిలించి, చెయ్యని తప్పుకి క్షమాపణ నేర్చుకుంది. కక్కలేక మింగలేక అంటే ఏమిటో ఆ సాయంత్రం తెలిసింది. అన్నం తినకుండా ప్రార్థన చేసుకుని పడుకుంది. ప్రార్థనలో ఏం అడగాలో కూడా తెలియలేదు. తప్పు చేసినవాళ్లకి అడగడానికి క్షమాపణ ఉంటుంది. చెయ్యనివాళ్లు ఏం అడుగుతారు?

*

గురువారం సాయంత్రాల్లో లైబ్రరీ వెనక గదిలో పెద్దవాళ్లకి ఇంగ్లీషు క్లాసు ఉంటుంది. మిస్ డార్లీన్ చెబుతుంది. స్కూల్లో రిటైరయ్యాక కూడా చాక్‌పీసు వదల్లేని మనిషి. ఈమె పేరుతో విమలకుమారికి పేచీ లేదు, 'డార్లీన్' అనేది డార్లింగ్‌కి కాస్త దగ్గరగా ఉండటం తప్ప.

క్లాసు మొదలవడానికి ముందే వెళ్లి, మిస్ డార్లీన్ కుర్చీలు సర్దుతుంటే తనూ రెండు కుర్చీలు జరిపింది. తర్వాత గొంతు సవరించుకుంది.

"మేడమ్, ఐ హావ్ ఎ డౌట్."

"విమలా, డౌట్ కాదు, క్వశ్చన్," అంది మిస్ డార్లీన్ అలవాటుగా. డౌట్ అంటే అనుమానం అని ఆవిడ ఎన్నోసార్లు చెప్పింది. మన తెలుగువాళ్లకు ప్రతి ప్రశ్నా డౌటే, ఏం చేస్తాం.

"రేపు నేను ఒక మాట చెప్పాలి. సరిగ్గా పలుకుతున్నానా, వినండి," అని విమలకుమారి తనకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పి, నించుని, చేతులు కట్టుకుని, బడిపిల్లలా క్షమాపణ అప్పగించింది.

"ఉచ్చారణ బాగుంది. దేనికి సారీ?"

విమలకుమారి చెప్పింది. బంతి, గేటు, హార్పర్, పోస్టల్ ఆవిడ, ఫోను. తడబడుతూ, వెతుక్కుంటూ, చేత్తో గేటును గాల్లో పైకెత్తి నెట్టి చూపిస్తూ చెప్పింది. ఈలోగా మెక్సికో నుంచి వచ్చిన లూపె, వియత్నాం నుంచి వచ్చిన ముసలాయన త్రాన్ వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. వాళ్లూ విన్నారు.

మిస్ డార్లీన్ నుదురు ముడిచింది. "వెయిట్. యూ డిడ్‌న్ట్ లీవ్ ఇట్ ఓపెన్?"

"యస్," అంది విమలకుమారి.

"అయితే తీసి వదిలేశావు."

"నో, నో!"

"మరి యస్ అన్నావు?"

"యస్. ఐ నాట్ లీవ్. యస్."

అడ్డుచెప్పబోయి చెయ్యి ఎత్తిన మిస్ డార్లీన్ ఆ చెయ్యి అలాగే ఉంచి ఆగిపోయింది. ముందు వరసలోంచి త్రాన్ గారు సాయానికొచ్చారు. "యస్, యస్. షి నాట్ లీవ్." ఆయన మొహంలో, ఇంత తేలిక సంగతి టీచరుకి ఎందుకు అర్థం కావడం లేదన్న ఆశ్చర్యం తప్ప ఏమీ లేదు.

లూపె ఆయన వైపు తిరిగి, "నో," అంది. "నో, షి డిడ్‌న్ట్."

"యస్, షి డిడ్‌న్ట్," అన్నారు త్రాన్.

ఇద్దరూ చెప్పేది ఒకటే. ఒకరు యస్ అంటున్నారు, ఒకరు నో అంటున్నారు. మిస్ డార్లీన్ కుర్చీ లాక్కుని కూలబడింది. తర్వాత త్రాన్ గారిని అడిగింది, ఆయన కాఫీ, లూపె టీ తాగరని తెలిసే. "యూ డోన్ట్ డ్రింక్ కాఫీ?"

"యస్."

"లూపె, యూ డోన్ట్ డ్రింక్ టీ?"

"నో."

మిస్ డార్లీన్ లేచి బోర్డు దగ్గరికి వెళ్లింది. ఒక గేటు బొమ్మ వేసింది, పక్కన ఒక మనిషి బొమ్మ వేసింది. నెమ్మదిగా, ఒక్కొక్క మాటే చెప్పింది. ఎదుటివాళ్లు 'లేదు కదా' అని అడిగితే విమల, త్రాన్ 'యస్' అంటున్నారు. మీరన్నది నిజమే అని వాళ్ల అర్థం. ఆ యస్ మనిషికి చెప్పే జవాబు. ఇంగ్లీషులో యస్ అంటే మనిషితో పని లేదు. గేటు తీసి ఉంటే యస్, తియ్యకపోతే నో. ఎదుటివాళ్లు ఎలా అడిగినా సరే. ఆ జవాబు గేటుకి.

విమలకుమారి బోర్డు వైపు చూస్తూ ఉండిపోయింది. మంగళవారం మధ్యాహ్నం మళ్లీ కళ్ల ముందుకొచ్చింది. డైరెక్టర్ అడగడం, తను యస్ అనడం, ఆవిడ కళ్లద్దాలు సర్దుకోవడం. ఆవిడ రెండోసారి 'యస్?' అని ఎందుకు రెట్టించిందో ఇప్పుడు తెలిసింది. తప్పించుకోవడానికి ఇంకో అవకాశం ఇచ్చింది మహాతల్లి. తను యస్ యస్ అని తల కూడా ఊపింది. పైగా కన్నీళ్లు. చాలదా?

అంటే ఆవిడ అబద్ధం ఆడలేదు. తనూ ఆడలేదు. ఎవరూ చెడ్డవాళ్లు కారు. అది తెలియగానే గుండెల మీది బండ సగం దిగింది. పక్కున నవ్వు వచ్చింది. నవ్వుతుంటే ఏడుపు వచ్చింది. లూపె లేచొచ్చి వీపు నిమిరింది. విషయమేమిటో పూర్తిగా తెలియకపోయినా త్రాన్ గారు కూడా నవ్వారు.

"నా మాట ఒకటి విను," అంది మిస్ డార్లీన్. "ఇకమీదట ఒంటరిగా యస్ అనకు, ఒంటరిగా నో అనకు. వాక్యం మొత్తం చెప్పు."

ఆ రాత్రి ఇంట్లో ఆమె ఇదంతా చెబితే దైవాశీర్వాదం చాలాసేపు పైకి చూస్తూ లెక్క వేసుకున్నాడు. "నువ్వు తినలేదా అంటే, తినకపోతే, నో అనాలా?"

"నో అనాలి."

"మరి మనం అవును, తినలేదు అంటాం కదా?"

"అదేనండీ నా కొంప ముంచింది."

అయినా ఆయనకు ధైర్యం చాలలేదు. "ఏమో విమలా. ఇదంతా చెబితే సాకు అనుకుంటారేమో. సారీ చెప్పెయ్యడమే మంచిదేమో చూడు."

విమలకుమారి గ్యాస్ కట్టేసి, ఒకసారి చూసుకుని పడుకుంది.

*

శుక్రవారం ఫెబీ డ్రైవ్ చేసి తీసుకెళ్లింది. తనూ లోపలికి వస్తానంది. "నువ్వు కార్‌లోనే ఉండమ్మా," అంది విమలకుమారి. "నా నోటితో పోయింది, నా నోటితోనే రావాలి."

డైరెక్టర్ గది మంగళవారం ఎలా ఉందో అలాగే ఉంది. టిష్యూల డబ్బా మాత్రం ముందుగానే బల్ల మధ్యకు వచ్చింది. ఆవిడ మొహం పీక్కుపోయి ఉంది. ఆవిడ కూడా సరిగ్గా నిద్రపోలేదని విమలకుమారికి చూడగానే తెలిసింది.

"వీమ్లా, నువ్వు ఏమైనా చెప్పాలనుకుంటే ముందు చెప్పు," అంది.

బట్టీ పట్టిన సారీ నాలుక చివరనే ఉంది. పళ్లు పెదవికి తగలడమే తరువాయి. విమలకుమారి దాన్ని మింగేసింది.

"ముందు నేను ఒక ప్రశ్న అడుగుతాను," అంది. డౌట్ అనలేదు. బల్ల మీద మూత తియ్యని లంచ్ డబ్బా ఉంది. దాని వైపు చూపించింది. "యూ డిడ్‌న్ట్ ఈట్ లంచ్?"

డైరెక్టర్ అయోమయంగా చూసింది. "నో."

"నా భాషలో అయితే, యస్."

"సారీ?"

"నేను తినకపోతే, మీరు తినలేదా అని అడిగితే, నేను యస్ అంటాను. యస్, మీరు చెప్పింది కరెక్టు, నేను తినలేదు." ఒక్కొక్క మాటనీ గడియ పడిందో లేదో చూసుకుంటూ పలికింది. "ట్యూస్‌డే మీరు అడిగారు, యూ డిడ్‌న్ట్ లీవ్ ద గేట్ ఓపెన్. నేను యస్ అన్నాను. యస్, మీరు చెప్పింది కరెక్టు."

డైరెక్టర్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. గోడ అవతల పిల్లలు ఏదో పాట పాడుతూ చప్పట్లు కొడుతున్నారు. 

"ఇంకోలా అడుగుతాను," అంది చివరికి. "డిడ్ యూ లీవ్ ద గేట్ ఓపెన్?"

"నో. ఐ డిడ్ నాట్ లీవ్ ద గేట్ ఓపెన్." విమలకుమారి లేచి నించుని, లేని గేటుని రెండు చేతులా పైకెత్తి, నెట్టి, వెనక్కి లాగి చూపించింది. "ఐ హర్డ్ ద క్లిక్."

డైరెక్టర్ రెండు చేతులతో మొహం కప్పుకుంది. వేళ్ల మధ్య నుంచే మాట్లాడింది. మంగళవారం సాయంత్రం ఒక పిల్లవాడి తండ్రి ఫోన్ చేశాడట. ఆ పొద్దున కొడుకుని త్వరగా తీసుకెళ్లాల్సి వచ్చి, ముందు గది చుట్టూ తిరగలేక పక్క గేటులోంచి వెళ్లాననీ, అది సరిగ్గా పడిందో లేదో చూసుకోలేదనీ, హార్పర్ సంగతి విన్నప్పటి నుంచీ మనసు మనసులో లేదనీ చెప్పాడట.

"నేనే ఆయనకి చెప్పాను," అంది డైరెక్టర్. "మీరు బాధపడకండి, అది మీరు కాదు, మా స్టాఫ్‌లోనే ఒకామె ఒప్పుకుంది, అని."

ఆ మాట విమలకుమారికి చురుక్కున తగిలింది. నిజం ఫోనులో వాకిట్లోకొచ్చి తలుపు తడితే, తన ఒక్క యస్ దాన్ని గుమ్మంలోంచే పంపించేసిందన్నమాట. కోపం రావాలి. వచ్చింది కూడా, కాస్త. కానీ మొహం కప్పుకుని కూర్చున్న ఆ పెద్దావిడని చూస్తుంటే అది నిలబడలేదు. విమలకుమారి టిష్యూల డబ్బాని ఆవిడ వైపు జరిపింది.

డైరెక్టర్ అప్పుడే ఆ తండ్రికి ఫోన్ చేసింది. ఆయన చెప్పింది వింటూ 'ఐ నో, ఐ నో' అంది. పెట్టేశాక, రిపోర్టు ఇంకా పంపలేదనీ, ఈ సాయంత్రం పంపాల్సి ఉందనీ, ఇప్పుడు అందులో ఏం రాయాలో తనకు తెలుసనీ చెప్పింది. గేటుకి కొత్త గడియ కూడా పెట్టిస్తానంది. ఆ తర్వాత సారీ చెప్పింది. పళ్లు పెదవికి తగిలేలా, వెరీ సారీ అంది.

విమలకుమారి తలుపు దాకా వెళ్లాక వెనక నుంచి డైరెక్టర్ అడిగింది.

"వీమ్లా. యూ ఆర్ నాట్ క్విటింగ్?"

మానెయ్యడం లేదు కదా, అంటోంది. విమలకుమారి నోట్లో యస్ అప్పటికే తయారై కూర్చుంది. ముప్పయ్యేళ్లకు పైగా అలవాటు పడ్డ యస్, ఇప్పుడు అంటే మళ్లీ కొంప కొల్లేరే. దాన్ని గుమ్మం దగ్గరే పట్టి ఆపి, వెనక్కి తిరిగింది.

"ఐ విల్ కమ్ మండే," అంది. వాక్యం మొత్తం. తర్వాత ఏమనుకుందో ఏమో, "మిస్ టామీ," అని కలిపింది. పేరు నోట్లోంచి వచ్చేసింది, ఆకాశమేమీ విరిగి పడలేదు.

కారు దగ్గరికి వచ్చేసరికి ఫెబీ గోళ్లు కొరుకుతోంది. తల్లి మొహం చూసి ఏమీ పోల్చుకోలేక, కంగారులో ఇంగ్లీషే వచ్చింది. "మమ్మీ, యూ డిడ్‌న్ట్ లూజ్ ద జాబ్?"

"నో," అంది విమలకుమారి సీటు బెల్టు పెట్టుకుంటూ. "ఇంగ్లీషులో అడిగావు కాబట్టి నో."

అప్పుడే ఫోను మోగింది. దైవాశీర్వాదం. స్టోర్‌లో ఎవరో కరివేపాకు ఎక్కడుందని అడుగుతున్నారు, ఆయన వినిపించుకోవడం లేదు.

"ఏమైంది? సారీ చెప్పావా?"

"ఆవిడే చెప్పింది."

 అవతల ఆయన గొంతు బాగా తగ్గించి అడిగాడు. "అంటే, ఉద్యోగం పోలేదు కదా?"

"అవునండీ," అంది విమలకుమారి. నిన్న రాత్రి నుంచీ అనడానికి భయపడ్డ మాట. ఎంత హాయిగా ఉందో అని, ఇంకోసారి నోరారా అంది. "అవునండీ."